నీళ్లను చూపించి అమ్మినవాళ్లే నీళ్ల నష్టం భరించాలి

వానాకాలం నాట్లు మొదలయ్యాయంటే మోతె మండలంలో ఫోను తడవకుండా ఉండే చోటే దొరకదు. కరిగట్టులో దిగిన రైతు అంగీ జేబులో ఉన్నా, నారు అందించే కూలీ కొంగుముడిలో ఉన్నా, మోటారు ఆన్ చేయడానికి గట్ల మీద పరుగెత్తే పిల్లవాడి చేతిలో ఉన్నా దాని మీద నాలుగు చుక్కలు పడక తప్పదు. వడ్ల డబ్బులు పడ్డాయని చెప్పేది ఆ ఫోనే, బ్యాంకు ఓటీపీ వచ్చేది దానికే. ఉపాధి హామీ పని దగ్గర హాజరు ఫొటో తీసేదీ దాంతోనే. ‘నీళ్లలో పడినా ఏమీ కాదు’ అని కంపెనీ చెప్పే మాటకు కోదాడలోనో సూర్యాపేటలోనో మనవాళ్లు నాలుగు డబ్బులు ఎక్కువ పెడుతున్నారంటే అందులో షోకేమీ లేదు. పని అలాంటిది.

తీరా ఆ ఫోను తడిసి మొరాయించాక సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే జరిగే తంతు కొన్నవాళ్లందరికీ తెలిసిందే. కౌంటర్లో కుర్రాడు పిన్నుతో సిమ్ ట్రే బయటికి లాగి, ఆ సందులోకి టార్చి కొడతాడు. లోపల బియ్యపు గింజంత స్టిక్కర్ ఒకటి ఉంటుంది. తడి తగలనంతకాలం అది తెల్లగా ఉంటుంది, తగిలితే ఎర్రబడుతుంది. ఎర్రగా కనిపించిందా, మాట అక్కడితో సరి. ‘నీళ్లు పోయాయి సార్, వారంటీ రాదు. బోర్డు మార్చాలి.’ ఫోను కొని ఆరు నెలలు కూడా కాలేదన్నా, వానలో జేబులో తడవడం తప్ప ఇంకేమీ కాలేదన్నా వినే నాథుడు లేడు.

ఆ ఎర్ర మచ్చ దేనికి సాక్ష్యమో ఒక్క క్షణం ఆలోచించండి. లోపలికి నీళ్లు వెళ్లాయని అది చెబుతుంది, అంతే. ఎంత లోతులో పడింది, ఎంతసేపు ఉంది, కొన్నవాడు హద్దు దాటాడా లేదా అన్నది చెప్పదు. మీటరున్నర లోతులో అరగంట ఉన్నా నీళ్లు చొరబడవని హామీ ఇచ్చిన ఫోనులోకి మామూలు వానకే నీళ్లు వెళ్లాయంటే చెడింది కంపెనీ వేసిన సీలు. అంటే కొన్నవాడి తప్పుకు రుజువుగా చూపిస్తున్న ఆ మచ్చ, చాలాసార్లు అమ్మినవాడి తప్పుకే రుజువు. హద్దు పెట్టింది కంపెనీ కాబట్టి, ఆ హద్దు దాటాడని నిరూపించాల్సిన పూచీ కూడా కంపెనీదే. నిరూపించలేకపోతే రిపేరు ఉచితంగా చేయాలి. ఈ విషయంలో ఈ పత్రికకు రెండో అభిప్రాయం లేదు.

పెట్టె మీద కనిపించే ఐపీ68 వంటి గుర్తుల సంగతి కూడా చెప్పుకోవాలి. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీళ్లకు. రెండో అంకె 7 అయితే మీటరు లోతు మంచినీళ్లలో అరగంట పరీక్ష పెట్టారని అర్థం. 8 అయితే అంతకన్నా కఠినమైన పరీక్ష. దాని లోతు ఎంతో, సమయం ఎంతో కంపెనీయే ప్రకటించుకుంటుంది. శాంసంగ్ గెలాక్సీ ఎస్ ఫోన్లకు మీటరున్నర, ఐఫోన్ 12కు ఆరు మీటర్లు అన్నారు. 9 అంటే 80 డిగ్రీల వేడినీటిని ధారగా కొట్టి చూసే పరీక్ష. ఒకప్పుడు ఎక్కువగా ఖరీదైన ఫోన్లకే ఉన్న ఈ గుర్తులు ఇప్పుడు మధ్యతరగతి ఫోన్లకూ వచ్చాయి. 2024 జూన్‌లో ఒప్పో ఐపీ69 ఫోనును 28 వేలలోపే మన మార్కెట్లోకి తెచ్చింది.

కానీ ఈ పరీక్షలన్నీ కొత్త ఫోనుకు, ల్యాబులో, శుభ్రమైన నీళ్లతో జరిగేవి. మన మడిలో ఉండేవి ఆ నీళ్లు కావు. అందులో బురద ఉంటుంది, యూరియా ఉంటుంది. పంపు వీపున వేసుకుని మందు కొడుతుంటే చెమటతో పాటు మందు తుంపరలూ జేబులోకి దిగుతాయి. ఉప్పు, సబ్బు, రసాయనాలు రబ్బరు రింగునూ జిగురునూ తినేస్తాయి. బండి హ్యాండిల్‌కు తగిలించిన ఫోను మే నెల ఎండకు కాగి కాగి జిగురు పట్టు వదులుతుంది. నీటిని తట్టుకునే గుణం శాశ్వతం కాదని, వాడేకొద్దీ తగ్గుతుందని యాపిల్ తానే రాసుకుంది. ఆ గుర్తు ఉన్న ఫోన్లు అమ్మే కంపెనీలన్నింటికీ ఈ సంగతి తెలుసు. టీవీలో మాత్రం ఫోను తొట్టిలో మునిగి తేలుతుంది. అసలు సంగతి తెర అడుగున కంటికి ఆనని ఇంగ్లిషు అక్షరాల్లో నాలుగు సెకన్లు మెరిసి పోతుంది.

ఇంకో చిక్కు రిపేరుతో వస్తుంది. అద్దం పగిలితే మోతె నుంచి కంపెనీ సెంటర్‌కు ఎందరు వెళ్తారు? ఒక రోజు కూలీ పోగొట్టుకోవడం ఎందుకని కోదాడలోనో మిర్యాలగూడలోనో వీధి దుకాణంలో ఇస్తారు. అక్కడి మెకానిక్ పనిమంతుడే. వేడి పలక మీద ఫోను పెట్టి, పల్చటి ప్లాస్టిక్ ముక్కతో అద్దం లేపి, పాత జిగురు గీకి, ట్యూబు జిగురు అంచు చుట్టూ పోసి, ఆరేదాకా రబ్బరు బ్యాండ్లు చుట్టి పక్కన పెడతాడు. అరగంటలో ఫోను కొత్తదానిలా మెరుస్తుంది. కానీ కంపెనీ వేసిన సీలు లాంటిది అతనికి దొరకదు, వేశాక గాలి చొరకుండా ఉందో లేదో చూసే యంత్రం అతని దగ్గర ఉండదు. ఆ సంగతి యజమానికి చెప్పేవాళ్లూ లేరు. పెట్టె మీద రాసి ఉన్న ఐపీ68ను నమ్మి అతను మళ్లీ వానలోకి వెళ్తాడు. కేంద్రం 2022 డిసెంబరులో ‘రిపేరు హక్కు’ పోర్టల్ తెరిచింది. ఆ హక్కుకు అర్థం ఉండాలంటే అసలు సీళ్లు న్యాయమైన ధరకు చిన్న దుకాణాలకూ అందాలి.

ఇవేవీ మన ఒక్కరి గోడు కాదు. ఆస్ట్రేలియాలో గెలాక్సీ ఫోన్లను ఈత కొలనుల్లో, సముద్రంలో వాడుతున్నట్టు చూపిన ప్రకటనలపై అక్కడి వినియోగదారుల సంస్థ 2019లో కోర్టుకెక్కింది. తడిగా ఉండగా చార్జింగ్ పెడితే పోర్టు తుప్పు పట్టి చెడిపోవచ్చన్న సంగతి ఆ ప్రకటనల్లో లేదు. 2022లో ఫెడరల్ కోర్టు శాంసంగ్‌కు కోటీ నలభై లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ 2020 నవంబరులో యాపిల్‌కు కోటి యూరోలు విధించింది. నీళ్లను తట్టుకుంటుందని గొప్పగా చెబుతూనే నీటి నష్టానికి వారంటీ లేదనడం అక్కడ తప్పయింది. అదే మాట, అదే షరతు ఇక్కడ ఎందుకు చెల్లుతున్నాయి?

మన దగ్గర చట్టం లేక కాదు. 2020 జులై నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం కింద కేంద్ర ప్రాధికార సంస్థ ఏర్పడింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు అది 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయగలదు. ప్రకటనలో నటించిన తారలకూ ఆ శిక్ష వర్తిస్తుంది. ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా తానే కేసు చేపట్టగలదు. 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం ప్రకటన ఏ భాషలో ఉంటే షరతూ ఆ భాషలోనే ఉండాలి, అసలు సంగతిని దాచకూడదు. తెలుగు ప్రకటన కింద ఇంగ్లిషు షరతు ఈ మార్గదర్శకాలకు విరుద్ధం. ప్రాధికార సంస్థ ఈ ఒక్క అంశం పట్టుకున్నా చాలు, సగం మోసం ఆగుతుంది.

నీళ్లలో దూకి గంటసేపు వీడియో తీసేవాళ్ల నష్టం కూడా మేమే మోయాలా అని కంపెనీలు అడుగుతాయి. అద్దం పగిలిన ఫోనుకు, బయట విప్పిన ఫోనుకు హామీ వర్తించదంటే ఒప్పుకోవచ్చు. కానీ ఇదే నీటి నష్టానికి వేరుగా డబ్బు కడితే రక్షణ పథకం అమ్ముతున్నది ఈ కంపెనీలే కదా. నష్టం ఎంతో లెక్కగట్టి ధర పెట్టగలిగినవాళ్లు, ఆ ధరను తాము చేసిన హామీలోనే కలుపుకోవాలి. ఒకే హామీని రెండుసార్లు అమ్మడం వ్యాపారం అనిపించుకోదు.

2024 సెప్టెంబరు 1ని కోదాడ ప్రాంతం మరిచిపోలేదు. రాత్రికి రాత్రి కాలనీలు మునిగాయి. నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాల్వకు గండి పడింది. నీళ్లు ఇంట్లోకి వస్తుంటే సాయం కోసం పిలవడానికి ఉన్నది చేతిలో ఫోనొక్కటే. అలాంటి రాత్రి పనిచేస్తుందని నమ్మించి అమ్మిన వస్తువు పనిచేయాలి. పనిచేయకపోతే జవాబు చెప్పేవాడు ఉండాలి.

ఫోను తడిస్తే వెంటనే ఆపేయండి. తడి పూర్తిగా ఆరేదాకా చార్జింగ్ పెట్టొద్దు. మన ఇళ్లలో అందరూ చేసేట్టు బియ్యం డబ్బాలో దాచొద్దు, ఆ నూక, తవుడు పోర్టులోకి వెళ్లి మరింత చెరుపు చేస్తాయి. బిల్లు, కొన్నప్పుడు చూపిన ప్రకటన ఫొటో భద్రంగా పెట్టుకోండి. వారంటీ లేదంటే, ఎందుకు లేదో కాగితం మీద రాసిమ్మని అడగండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు ఉంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు, రెండేళ్ల గడువు ఉంది, వస్తువు ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఎర్ర మచ్చ చూపించి పంపించేస్తే తల వంచుకుని తిరిగి రావద్దు.