సన్న బియ్యం సరే, జొన్నలు ఏవి?

2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో రేషన్ సన్న బియ్యం పథకం మొదలైంది. తలకు 6 కిలోల లెక్కన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కంట్రోలు దుకాణాలకూ ఆ బియ్యం వచ్చింది. ఉన్నోళ్లు తినే బియ్యమే లేనోళ్లూ తినాలనడం న్యాయమే. దాన్ని మేం కాదనం. కానీ ఇంతటితో రేషన్ బాగుపడిందంటే మాత్రం ఒప్పుకోం. దొడ్డు బియ్యం పోయి సన్న బియ్యం వచ్చింది, అంతే. సంచిలో అప్పుడూ బియ్యమే, ఇప్పుడూ బియ్యమే.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. ఉచిత బియ్యం జనాన్ని సోమరులను చేస్తోందని, దుకాణాలు ఎత్తేసి ఖాతాలో డబ్బులు వేయాలని అనేవాళ్లున్నారు. వాళ్లను అడుగుతున్నాం: ఎండాకాలంలో తునికాకు తెంపేది సోమరులా? నాట్లకు, పసుపు తవ్వకానికి పోయేది సోమరులా? సిరిసిల్లలో మరమగ్గాల కార్మికులు పని దొరకక, అప్పులు తీరక ప్రాణాలు తీసుకున్నారు. పని వచ్చిన చేతులకైనా పని లేని రోజు పస్తులేనని ఆ ఊరు మనకు చెప్పింది. డబ్బులే ఇస్తే, ధర పెరిగిన నెల గింజ తగ్గుతుంది. అప్పు ఉన్న ఇంట్లో ఆ డబ్బు పొయ్యి దాకా రాదు. కాబట్టి రేషన్ ఉండాలి. ఉంటూనే మారాలి.

ఎటు మారాలో మన తాతల కంచం చూస్తే తెలుస్తుంది. జొన్న గట్క, తైదల అంబలి, కొర్ర బువ్వ, అనుములు, కందులు, అడవి కూరాకు, గడ్డలు, ఇప్పపువ్వు. గింజలన్నీ వాన మీద పోడులో పండినవే. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణమిచ్చింది ఆ పోడు కోసం, అంటే ఆ తిండి కోసం కూడా. అడవి చట్టాలు పోడును గుంజుకున్నాయి. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీర్చింది, ఆ మేలు మరువం. కానీ జొన్న పండించే ఖర్చు కన్నా బియ్యం కొనే ధర తక్కువైనాక జొన్న ఎవరు వేస్తారు? చేను పత్తికి, మక్కకు పోయింది. కంచంలో జొన్న మాయమైంది.

విచిత్రమేమిటంటే చట్టం మన పక్షానే ఉంది. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం కిలో బియ్యం 3 రూపాయలు, గోధుమలు 2 రూపాయలు, ముతక ధాన్యాలు 1 రూపాయికి ఇవ్వాలని రాసింది. ముతక ధాన్యాలంటే మన జొన్నలు, సజ్జలు, తైదలే. 2023 జనవరి నుంచి ఆ రూపాయి కూడా అక్కర్లేదు. మరి మన సంచిలో అవి ఏవి? కర్ణాటకలో రేషన్ కింద రాగులు, జొన్నలు ఇస్తున్నారు. ఒడిశా 2017లో మిల్లెట్ మిషన్‌ను ఆదివాసీ జిల్లాల్లో మొదలుపెట్టి, రైతుల తైదలు కొని రేషన్‌లో పంచింది. మన పొలాస పరిశోధన స్థానం దేశానికి జగిత్యాల సన్నాలు ఇచ్చింది. వడ్లను మద్దతు ధరకు కొని, మిల్లు పట్టించి ఊరూరికీ పంపగల ప్రభుత్వం జొన్నలను ఎందుకు పంపలేదు? వడ్ల వెనుక కాలువలున్నాయి, మిల్లులున్నాయి, ఓట్లున్నాయి. జొన్న వెనుక మనమున్నాం. మనల్ని ఎవరూ అడగలేదు.

గింజ ఒక్కటే చాలదు. 2013లో అమ్మహస్తం పేరుతో 185 రూపాయలకు పప్పు, నూనెతో కలిపి 9 సరుకులు ఇచ్చారు. అది నిలవలేదు. తమిళనాడు ఇప్పటికీ కందిపప్పు, నూనె తక్కువ ధరకు ఇస్తోంది. బియ్యం కడుపు నింపుతుంది, ఒంట్లో రక్తం పట్టాలంటే పప్పు కావాలి. ఉదయం ప్రార్థనలో కళ్లు తిరిగి కూర్చుండిపోయే ఆడపిల్లలను రోజూ చూస్తున్న ఉపాధ్యాయులుగా చెబుతున్నాం.

ఇంకో అన్యాయం ఉంది. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం ఐటీడీఏల్లో ఇక్రిశాట్ తోడుతో 'గిరి పోషణ' కింద అంగన్‌వాడీ పిల్లలకు చిరుధాన్యాల ఆహారం ఇచ్చారు. జగిత్యాల, సిరిసిల్ల జిల్లాలు షెడ్యూల్డ్ ప్రాంతంలో లేవు. గీత ఇవతల పుట్టిన నాయకపోడు బిడ్డ ఆకలి వేరా?

పేరు తీసేయడం మరో దెబ్బ. తెలంగాణలో 2016 నుంచి సుమారు 19 లక్షల కార్డులు రద్దయ్యాయి. వాటిని ఇంటింటికీ వెళ్లి తిరిగి పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. గట్టి పని చేసి వేలి గీతలు అరిగిన ముసలమ్మను యంత్రం గుర్తించకపోతే తప్పు యంత్రానిది. ఆమెను ఊరంతా గుర్తుపడుతుంది. ఊరి మాటకు యంత్రం కన్నా ఎక్కువ విలువ ఉండాలి.

యువకులారా, తోటి ఉపాధ్యాయులారా! అదే ఆహార భద్రతా చట్టం ప్రతి రేషన్ దుకాణానికీ ఒక నిఘా కమిటీ ఉండాలంటోంది. అందులో ఆదివాసీలకు, దళితులకు, మహిళలకు చోటు ఉండాలంటోంది. మీ దుకాణానికి కమిటీ ఉందా? ఉంటే అందులో మనవాళ్లు ఎవరు? గ్రామసభలో లేచి అడగండి. తలకు ఇన్ని కిలోల జొన్నలో తైదలో, ఇంటికి ఇంత పప్పు ఇవ్వాలని, వాటిని మన రైతుల దగ్గరే కొనాలని, ఊరిని అడగకుండా ఏ పేరూ తీయొద్దని తీర్మానం రాయించండి. బడిలో జొన్న రొట్టె తెచ్చుకున్న పిల్ల దాన్ని దాచుకుని తినే పరిస్థితి ఉండొద్దు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. పట్నంలో కొర్రలు బియ్యం కన్నా ప్రియమయ్యాయి. మన తిండి వాళ్లకు ఆరోగ్యమైతే మనకు సిగ్గు ఎందుకైంది?

మేం అడిగేది దానం కాదు. మన నేల పండించిన గింజను, మన పేరు మీద, మన సంచిలోకి తిరిగి పోయమంటున్నాం.