రోడ్డు నడుమ అతుకు

క్రొత్తగా వేసిన తారురోడ్డు మొదట ఎచ్చట చెడునో పాఠకులు గమనించియే యుందురు. రెండు మూడు వర్షకాలములు గడచునప్పటికి, రోడ్డు నడుమ పొడవునా గీత గీచినట్లు ఒక పగులు కనబడును. క్రమముగా కంకర లేచి అది చాలుగా మారును. రాత్రివేళ ద్విచక్రవాహనము ఆ చాలులో దిగినచో ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు.

రాకపోకలు ఆగకుండుటకై సగము రోడ్డు ఒకనాడును, తక్కిన సగము మరునాడును వేయుదురు. మొదటి సగపు అంచునకు ప్రక్కన ఆనిక లేదు గనుక, రోలరు త్రొక్కినపుడు మిశ్రమము ప్రక్కకు జారునే గాని గట్టిపడదు. మరునాటి వేడి మిశ్రమము ఆ చల్లారిన అంచును సరిగా అంటుకొనదు. ఆ సందున నీరు, గాలి చొరబడును. చీరకు అంచు బలము. ఈ రోడ్డుకు అంచే బలహీనము.

రెండు యంత్రములు ఒకదాని వెనుక నొకటి కొంచెము ఎడముగా నడచి, రెండు సగములను వేడిమీదనే కలుపుట అన్నిటికంటె మేలైన పద్ధతి. కాని అందుకు రోడ్డంతయు మూయవలెను. బజారువీధిలో అది సాగదు.

అట్టిచోట ఏది మేలు? అమెరికాలో ఆబర్న్‌నందలి జాతీయ ఆస్ఫాల్టు సాంకేతిక కేంద్రమువారు, మన దేశమున పుట్టిన ఇంజనీరు ప్రిథ్వీ సింగ్ కంధల్ ఆధ్వర్యమున, 1990 తరువాతి సంవత్సరములలో నాలుగు రాష్ట్రములందు ఈ పద్ధతులను ప్రక్కప్రక్కనే వేసి పరీక్షించిరి. పెన్సిల్వేనియాలో 1995లో ఎనిమిది విధముల అతుకులు వేసి, ఆరేండ్ల పిమ్మట చూడగా, అంచునకు రబ్బరు కలిసిన తారు పూసినది మొదటిదిగను, వదులుగానున్న అంచును చక్రముతో నిలువుగా కోసివేసినది తరువాతిదిగను నిలిచినవి. గట్టిగా అణగిన అతుకులే సాధారణముగా ఎక్కువ మన్నినవి. అతుకువద్ద సాంద్రత, నడిమి రోడ్డునకు విధించిన దానికంటె నూటికి 2 వంతులకు మించి తగ్గరాదని వారి సిఫారసు.

అంచు కోసి తారు పూయవలెనని మన కేంద్ర రహదారుల శాఖ నిబంధనలును చెప్పుచున్నవి. అయినను కోసిన ముక్క పారవేయవలసినదే. కంట్రాక్టరునకు అది నష్టము. అందుచేతనే కాబోలు, పెక్కు వీధులలో మాకు ఆ కోత కనబడదు. పరీక్షకు నమూనా తీయుట జరిగినను అది నడిమి రోడ్డునుండియే; చెడునది అతుకు!

మన వీధులలో ఇకమీద రోడ్డు వేయునపుడు, బిల్లు చెల్లింపునకు ముందు ఒక నమూనానైనను అతుకుమీదనే తీయించవలెనని పురపాలక సభ్యులను అడుగుడని పాఠకులను కోరుచున్నాము.