మేయరు లేని పురమందిరం

ఢిల్లీలో కూర్చుని పుదుచ్చేరి నాటకశాలల ముచ్చట ఎందుకని పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. కేంద్రపాలిత ప్రాంతమన్న తరువాత అక్కడి వ్యవహారమేదైనా చివరకు హోంశాఖ గుమ్మం తొక్కవలసినదే. పైగా గోదావరి ఒడ్డున ఉన్న మన యానాం 800 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న ఆ పట్టణం నుండే పాలింపబడుతున్నది.

ఆ పట్టణంలో సముద్రానికి అభిముఖంగా ఒక భవనం ఉన్నది. జనం దానిని మేరీ భవనమంటారు. మేరీ ఎవరో మహాతల్లి కాదు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు మేయరు కార్యాలయమని అర్థం. 19వ శతాబ్దపు ఆ కట్టడం 2014 నవంబరు వానలకు కూలిపోయింది. ప్రపంచబ్యాంకు సాయంతో పూర్వరూపంలోనే తిరిగి కట్టి, 2021 ఫిబ్రవరిలో ప్రధాని చేత ప్రారంభింపజేశారు. స్తంభాలు మళ్ళీ లేచినవి. మేయరు మాత్రం లేడు. 1968లో జరిగిన పురపాలక ఎన్నికలు మళ్ళీ జరగడానికి 38 ఏళ్ళు పట్టింది. 2006లో ఎన్నికైనవారి గడువు 2011లో తీరింది. ఆ తరువాత 2021లో ప్రకటించిన ఎన్నికలు సైతం నిలిచిపోయినవి.

ఎన్నికైన సభ లేని ఊరిలో పౌరుడు నలుగురి ముందు నిలబడి తన మాట చెప్పుకొనే చోటు ఏది? నాటకరంగమని నా సమాధానం. పుదుచ్చేరికి ఆ సంప్రదాయం కొరవడలేదు. తమిళ నాటక పితామహుడనదగిన శంకరదాస్ స్వామి 1922లో కన్నుమూసినది అక్కడనే. మన వీధిభాగవతానికి జ్ఞాతి అయిన తెరుక్కూత్తు ఆ చుట్టుపట్ల తెల్లవార్లూ సాగుతుంది. దానికి టిక్కెట్టు లేదు, పెద్దమనుషుల కుర్చీలు లేవు. 2007లో కుమరన్ వళవన్ స్థాపించిన ఇండియానోస్ట్రమ్ బృందం రోమా రోలా వీధిలోని పాత సినిమాహాలును నాటకశాలగా మలచుకున్నది.

అయితే వేదిక ఉన్నంత మాత్రాన చాలదు. 2024 మార్చి ఆఖరున పుదుచ్చేరి విశ్వవిద్యాలయ విద్యార్థులు ‘సోమయానం’ అనే నాటకం ఆడారు. రామాయణ పాత్రలను కించపరిచారని ఏబీవీపీ ఆందోళన చేసింది. పోలీసు కేసు నమోదయింది. విచారణ సంఘం ఏర్పడింది. విభాగాధిపతి పదవి నుండి తప్పుకోవలసి వచ్చింది. నొచ్చుకున్నవారి నొప్పి బూటకమని నేననను. కాని నచ్చనివారు లేచిపోవచ్చు, ఈలలు వేయవచ్చు, మరునాడు అదే వేదికపై జవాబు నాటకం ఆడవచ్చు. ప్రేక్షకుడు చిట్టచివర తొక్కవలసిన ఠాణా గడప ఇక్కడ మొట్టమొదటనే తొక్కబడింది.

నాటకాలపై ఆంగ్లేయులు తెచ్చిన 1876 నాటి చట్టం 2018లో రద్దయింది. తమిళనాడు 1954లో చేసుకున్న చట్టానికి మద్రాసు హైకోర్టు 2013లో చెల్లుచీటీ ఇచ్చింది. ‘మా భూమి’ నాటకంపై నిషేధం చవిచూసిన తెలుగువారికి ఇది సంతోషకరమే. కాని చట్టం పోయినా హాలు బుకింగు గుమాస్తా మిగిలాడు. “ఆ రోజు ఖాళీ లేదండీ” అన్న ఒక్క మాటతో అతడు చేయగల పని ఏ కలెక్టరూ చేయలేడు.

ఓటుకూ నాటకానికీ గల చుట్టరికం ఢిల్లీ శివార్లలో నెత్తుటితో ఋజువైంది. 1989 జనవరి 1న సాహిబాబాద్ వద్ద ఝండాపూర్‌లో సఫ్దర్ హష్మీ బృందంపై దాడి జరిగినది పురపాలక ఎన్నికల ప్రచారవేళ ఆడుతున్న వీధినాటకం మీదనే. మరునాడు ఆయన మరణించాడు. 4వ తేదీన సహచరి మలయశ్రీ అదే చోట నిలిచి ఆ నాటకాన్ని పూర్తిచేసింది.

నెల్లూరులో పురమందిరమంటే నాటకాలాడే చోటు కూడా. ఆ భావాన్ని పుదుచ్చేరికి అరువిస్తే తప్పేమి? మేరీ భవనం ఎదుటి తీరపు వీధిలోకి సాయంత్రాలు వాహనాలను రానివ్వరు. అక్కడా, ఆ భవనంలోనూ నెలకు కొన్ని సాయంత్రాలు నాటకాలకు కేటాయించాలి. నాటక ప్రతిని ముందుగా అడగరాదు. తేదీలు బహిరంగంగా చీటీలు తీసి పంచాలి. సగం రోజులు కాలువకు పడమట నివసించే జనం సమాజాలకు దక్కాలి. లేకున్న పక్షంలో ఇది ఫ్రెంచి పేట విహారులకు మరొక కాలక్షేపమవుతుంది.

యానాంలోనూ ఎన్నికైన పురపాలక సంఘం లేదు. అక్కడి ఏ నాటక సమాజమైనా ఇటువంటి దరఖాస్తు ముందుగా పెట్టినట్లయితే, అది హోంశాఖలో ఏ బల్లపై ఆగినదో ఆరా తీసి వ్రాసే పూచీ నాది.