కొబ్బరికాయ కొట్టారు సరే... పూర్తి చేసేదెవరు?

ఎన్‌ఎస్‌ఎస్‌ ప్రత్యేక శిబిరం అంటే ఏడు రోజులు. మొదటి రోజు సర్పంచి కొబ్బరికాయ కొడతారు. ఫొటోలు, చప్పట్లు. నాలుగో రోజుకి కాలువ సగం తవ్వుతారు. ఏడో రోజు సామాన్లు సర్దుకుని బస్సెక్కేస్తారు. మరి ఆ కాలువ? ఒక్క వానకే పూడిపోతుంది. మరుసటి ఏడాది ఇంకో బ్యాచ్‌ వెళ్తే ‘మళ్లీ వచ్చారా బాబూ’ అని ఓ నవ్వు నవ్వి, ఎవరి పొలానికి వాళ్లు వెళ్లిపోతారు.

అన్ని శిబిరాలూ ఇలాగే ఉండవు. కానీ ఇలాంటివి చాలా ఊళ్లు చూశాయి. ఆగిపోయిన పని వల్ల మీకు పోయేదేమీ లేదు. ఊరికి మాత్రం తర్వాత వచ్చేవాళ్ల మీద కూడా నమ్మకం పోతుంది. అందుకే చెబుతున్నా... పూర్తి చేయించగలిగిన పనే మొదలుపెట్టండి. అది చిన్నదైనా పర్లేదు.

చైతన్యం లేకనా?

‘ఊరివాళ్లకి చైతన్యం లేదండీ, ఎంత చెప్పినా రారు’ అనే మాట మీరూ వినే ఉంటారు. నిజమేనా? శ్రీరామనవమికి పందిరి వేసేది వాళ్లే. ఇంటింటికీ చందా రాసేది వాళ్లే. జాతర లెక్కలు పైసాతో సహా చెప్పేదీ వాళ్లే. దానికి ఎవరైనా వెళ్లి మోటివేషన్‌ క్లాసు చెప్పారా? లేదే! అది తమ పని అనుకున్నారు కాబట్టి కదిలారు. మీరు తీసుకెళ్లిన పని ‘కాలేజీ పిల్లల పని’గా ఉన్నన్నాళ్లూ ఎవరూ రారు.

వరంగల్‌ జిల్లా గీసుకొండ మండలంలోని గంగదేవిపల్లినే చూడండి. తాగునీటి ట్యాంకు కోసం ఒక స్వచ్ఛంద సంస్థ సాయం చేసింది. అయితే గ్రామస్థులు కూడా తమ వాటా వేసుకున్నారు, నిర్వహణకు కమిటీ పెట్టుకున్నారు. ఆ అలవాటుతోనే ఒక్కో అవసరానికి ఒక్కో కమిటీ వచ్చింది. ఆదర్శ గ్రామమని ఇప్పుడు దూరప్రాంతాల నుంచి వచ్చి చూసి వెళ్తున్నారు.

2019లో మొదలైన జల్‌జీవన్‌ మిషన్‌లోనూ ఇదే సూత్రం ఉంది. ఊళ్లో వేసే పైపులైన్ల లాంటి పనుల ఖర్చులో సాధారణంగా 10 శాతం గ్రామస్థుల వాటాగా పెట్టారు. కొండ, అటవీ ప్రాంతాల్లో, ఎస్సీ, ఎస్టీలు ఎక్కువున్న ఊళ్లలో అది 5 శాతం. డబ్బే ఇవ్వాలని లేదు, శ్రమ రూపంలోనూ ఇవ్వొచ్చు. తన చెయ్యి పడిన పైపు పగిలితే మనిషి చూస్తూ ఊరుకోడు కదా!

మీరు చేయాల్సింది

ముందు అడగండి. రచ్చబండ దగ్గర పెద్దల్నే కాదు, బిందెలు మోసే ఆడవాళ్లని, ఊరి చివరి వాడల వాళ్లని కూడా. మీకు గ్రంథాలయం ముఖ్యమనిపించొచ్చు, వాళ్లకి బోరింగు దగ్గర బురద పోవడం ముఖ్యం కావొచ్చు. బురదతోనే మొదలుపెట్టండి.

నాట్లప్పుడో, కోతలప్పుడో శ్రమదానం అనకండి. కూలి పోగొట్టుకుని ఎవరొస్తారు? రెక్కాడితే గానీ డొక్కాడని మనిషిని ‘స్వార్థపరుడు’ అనే హక్కు మనకి లేదు.

లెక్కలు అందరికీ కనబడాలి. వచ్చిందెంత, ఖర్చయిందెంత, మిగిలిందెంత అనేది పంచాయతీ గోడ మీద రాయించండి. ‘డబ్బులు ఎవరో తినేశారట’ అన్న ఒక్క పుకారు చాలు, పని ఆగిపోవడానికి.

చివరి రోజు కోసం మొదటి రోజే మాట్లాడండి. పూర్తయ్యాక తాళం ఎవరి దగ్గర ఉంటుంది? రిపేరు వస్తే ఎవరు చూస్తారు? మీరు వెళ్లిపోయాక పని నడిపే ఇద్దరు ముగ్గురు ఊరి కుర్రాళ్లు, అమ్మాయిలు ఎవరు? వీటికి జవాబు దొరక్కపోతే పార పట్టకండి.

‘ఇవన్నీ ప్రభుత్వం చేయాలి కదా, మనమెందుకు?’ అంటారా? న్యాయమైన ప్రశ్నే. రావాల్సిన నిధుల కోసం గ్రామసభలో అడిగించడం, అర్జీ రాసివ్వడం, దాని వెంట తిరగడం కూడా సేవే. చదువుకున్నవాళ్లుగా అది మీ చేతిలో పనే.

రెజ్యూమెలో ఒక్క లైను

ఎన్‌ఎస్‌ఎస్‌ వలంటీరుగా రెండేళ్లలో 240 గంటలు పూర్తి చేశామని సర్టిఫికెట్‌ చూపించేవాళ్లు చాలామంది ఉంటారు. ‘అందులో మీరు చేసిందేంటి?’ అని ఇంటర్వ్యూలో అడిగితే తడబడేవాళ్లూ ఎక్కువే. ‘మురుగు కాలువ పని మధ్యలో ఆగింది. రెండు వీధుల వాళ్ల మధ్య గొడవ. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడాం, పూర్తి చేయించాం’ అని నిజంగా చెప్పగలిగితే ఆ ఒక్క లైనుకి విలువ వేరు. రేపు పంచాయతీ కార్యదర్శి అయినా, బ్యాంకు ఆఫీసరైనా, టీమ్‌ లీడరైనా మీరు రోజూ చేయబోయేది ఈ పనే... మీ మాట వినాల్సిన అవసరం లేనివాళ్లని ఒప్పించడం.

ఈసారి శిబిరానికి వెళ్తే ఫొటోలు కాస్త తక్కువ తీసుకోండి. మూడు నెలలకి సొంత ఖర్చుతో ఒకసారి మళ్లీ వెళ్లి చూడండి. కాలువలో నీళ్లు పారుతుంటే మీ పని అయినట్టు. లేకపోతే, ఇంకా మిగిలే ఉన్నట్టు.