పాత పెట్టెలో కొత్త భాగములు



ఈ నెల మేము మా సంఘపు కార్యాలయములోని కంప్యూటరు సంగతి వ్రాయుచున్నాము. "మా ఇంట కంప్యూటరే లేదు, మాకెందుకు ఇది?" అనుకొనేవారు కూడ కాస్త ఓపిక పట్టి చదవండి. మీ ఇంట లేకపోయినా మీ పెండ్లి ఫొటోలు, మీ పిల్లల కాగితముల నకళ్లు ఎవరో ఒకరి కంప్యూటరులో ఉండియే ఉంటాయి.

మా కంప్యూటరు 2014లో కొన్నది. ఇంటెల్ ఐ3 నాల్గవ తరపు ప్రాసెసరు, 4 జి.బి. ర్యామ్, 500 జి.బి. హార్డు డిస్కు. ఆ రోజులలో అదే గొప్ప. బాప్తిస్మపు రిజిస్టరు, వివాహపు రిజిస్టరుల నకళ్లు, కానుకల లెక్కలు, పేజ్‌మేకరులో కూర్చిన పాటల పుస్తకము అన్నీ అందులోనే. వీటన్నిటితోపాటు సంఘపు స్వర్ణోత్సవమునకు కుటుంబములవారు తెచ్చియిచ్చిన పాత ఫొటోలు కూడ ఉన్నవి. వాటిని స్కాను చేసికొని, అసలువి ఎవరివి వారికి తిరిగి ఇచ్చివేశాము.

2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతము మునిగినది మీకు జ్ఞాపకమే. మా ఊరినుండి వెళ్లి అక్కడ స్థిరపడిన ఒక కుటుంబపు ఇల్లు కూడ మునిగింది. బీరువా అడుగు అరలోని ఆల్బములు బురదముద్దలైనవి. 2025 ఆగస్టులో ఆ ఇంటి పెద్దామె మాయొద్దకు వచ్చింది. భర్త పోయి సంవత్సరము కావచ్చినది, జ్ఞాపకార్థ కూడిక పెట్టుకొన్నారు. "అయ్యగారూ, మా పెండ్లి ఫొటో మీ పెట్టెలో ఉన్నది గదా. ఒక కాపీ తీసియ్యండి" అని అడిగింది.

తీద్దామని కూర్చున్నాము. తెర నల్లగా నిలిచిపోయి, లోపలనుండి టక్, టక్ మని చప్పుడు వచ్చింది. ఆపి మరల వేశాము. మరల అదే. ఆ సాయంత్రము మొత్తము మీద ఆరేడుసార్లు అలా చేసియుంటాము. అది మా తప్పు. మరునాడు రిపేరు చేసే కుర్రవాడు వచ్చి మొదట అడిగినది అదే: "అయ్యగారూ, ఎన్నిసార్లు ఆన్ చేశారు?"

అతడు చెప్పినది ఇది. హార్డు డిస్కు లోపల అద్దమువంటి పలకలు నిమిషమునకు 7,200 సార్లు తిరుగుచుండును. వాటిమీద ఒక చేయివంటి కడ్డీ చివర చదివే తల ఉండును. ఆ తల పలకను తాకదు. తలవెంట్రుక మందములో వెయ్యవ వంతుకన్న తక్కువ ఎడముతో దానిపై తేలుచుండును. అది దారితప్పి వెదకులాడినప్పుడే ఆ టక్ టక్ చప్పుడు. పలకను తాకెనా, అక్కడి వ్రాత గీచుకొని పోవును. మనము ఆన్ చేసిన ప్రతిసారి గాయమును రేపినట్లే. గనుక మీ హార్డు డిస్కు ఆ చప్పుడు చేసిన దినమున వెంటనే కరెంటు తీసి, తెలిసినవారికి కబురు చేయండి. ఇంకొక్కసారి చూద్దామని ప్రయత్నము చేయవద్దు.

"అయినా డి డ్రైవులో కూడ ఒక కాపీ పెట్టుకొన్నాములే బాబూ" అన్నాము ధైర్యముగా.

అతడు నవ్వలేదు, అందుకు సంతోషము. "డి అంటే వేరే డిస్కు కాదయ్యగారూ. ఒకే ఇంటిలో రెండు గదులు. సి ఒక గది, డి ఒక గది. ఇల్లే పడిపోతే ఏ గదిలో పెడితే ఏమున్నది?"

పదునొకండు ఏండ్లుగా మేము నమ్ముకొన్న కాపీ అది! తరువాత విచారిస్తే తోటి కాపరులలోను, బడిపంతుళ్లలోను చాలమంది అలాగే నమ్ముచున్నారు.

అతడు ఆ డిస్కును విప్పి తన కంప్యూటరుకు తగిలించి, ముందు రిజిస్టర్లు, తరువాత ఫొటోలు అని వరుస పెట్టుకొని, ఒక రాత్రి, ఒక పగలు కూర్చుని ఎత్తి తీశాడు. రిజిస్టర్లన్నియు వచ్చాయి. ఫొటోలలో చాలభాగము వచ్చాయి. పెద్దామెగారి పెండ్లి ఫొటో కూడ వచ్చింది. అయితే పైసగమే. క్రింది సగము బూడిదరంగు పలకగా నిలిచిపోయింది.

ఇక కొత్తది తెచ్చుకొనే మాట. కమిటీ కూర్చున్నది. కోశాధికారిగారు ఏకముగా కొత్త సెట్టు కొందామన్నారు. యవనస్థులు ఒకరిద్దరు రంగు దీపములు వెలిగే గ్రాఫిక్స్ కార్డు పేరు ఎత్తారు. అది ఆటలకు, వీడియో కూర్చువారికి తప్ప కానుకల లెక్కలకు అక్కరలేదు. డబ్బా, మానిటరు, కీబోర్డు, మౌసు బాగానే ఉన్నవి గదా, లోపలివే మార్చుదామన్నాము. అదే నిలిచింది.

ఇందులో ముందొక మాట చెప్పాలి. ఇంటిలో ఉత్తరములు టైపు చేసికొనుట, పిల్లల చదువు మాత్రమే పని అయితే, పాత కంప్యూటరుకు హార్డు డిస్కు బదులు సాటా ఎస్.ఎస్.డి. ఒకటి వేయించి, ర్యామ్ 8 జి.బి. చేయిస్తే చాలు. అయిదు నిమిషములకు లేచేది అర నిమిషములో లేచును. అన్నిటిలోకి తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు ఇదే. కాని మాకు ఒక చిక్కు వచ్చింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ వారి మామూలు సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టి.పి.ఎమ్. 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరు అయితే సుమారుగా ఎనిమిదవ తరము, ఆ తరువాతివే దాని జాబితాలో ఉన్నవి. మాది నాల్గవ తరము. లైనక్స్ వేసికొనేవారికి ఆ బాధ లేదు గాని, మా పాటల పుస్తకమంతా 2001లో వచ్చిన పేజ్‌మేకరు 7.0లో ఉన్నది. దానికి విండోసే దిక్కు. గనుక బోర్డు, ప్రాసెసరు, ర్యామ్ మూడును కలిపి మార్చవలసివచ్చింది.

ఈ మూడు ఒకదానికొకటి అమరాలి. బోర్డుమీద ప్రాసెసరు కూర్చునే పీఠమును సాకెట్ అందురు. పాత బోర్డుది 1150, పన్నెండవ తరపుదానికి 1700. ఇది అందులో పట్టదు. ర్యామ్ పుల్లకు క్రింద ఒక గాటు ఉండును, డి.డి.ఆర్.3, 4, 5లకు ఆ గాటు వేరువేరు చోట్ల ఉండును. ఒకే పేరు గల హెచ్610 బోర్డులలోనే కొన్ని డి.డి.ఆర్.4వి, కొన్ని 5వి. పెట్టెమీద చదువక తెచ్చుకొంటే మరల బస్సు చార్జీ.

మేము ఐ3 12100 తీసికొన్నాము. అంగడిలో 12100 ఎఫ్ తక్కువకు వచ్చునన్నారు. సరే అనబోయాము. మా రిపేరు కుర్రవాడు ఫోనులో, "వద్దయ్యగారూ, ఎఫ్ ఉన్నదానిలో బొమ్మ చూపించే భాగము పనిచేయదు. వేరే గ్రాఫిక్స్ కార్డు కొంటేనే తెర వెలుగుతుంది" అని ఆపాడు. ఒక్క అక్షరమే గదా! సికిందరాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరువంటి చోట్లకు వెళ్లేవారు ఏ అంగడిలోనైనా కొటేషను వ్రాయించుకొని, చివరి అక్షరము వరకు చదివి, ఒక పూట ఆగి, తెలిసినవారికి చూపించి కొనండి.

ర్యామ్ విషయములో ఆలస్యము మమ్మును దెబ్బతీసింది. సెప్టెంబరులో అడిగినప్పుడు ఒక ధర. కమిటీ తీర్మానమయి, కానుకలు పోగయి, డిసెంబరులో వెళితే దాదాపు రెట్టింపు. కృత్రిమ మేధ కొరకు పెద్ద పెద్ద కంపెనీలు కట్టుచున్న డేటా సెంటర్లకే కర్మాగారములవారు చిప్పులను మళ్లించుటచేత ఈ కరువు వచ్చినదట. ఎక్కడో అమెరికాలో కట్టే భవనమునకు మా పల్లె సంఘపు కానుకలకు లంకె పడునని ఎవరు అనుకొన్నారు? 8 జి.బి. పుల్లలు రెండు వేస్తే వేగము బాగుండును, అయినా ఒక్కటే కొని రెండవ గాడి ఖాళీగా ఉంచాము. ధర తగ్గినప్పుడు చూచుకొందుము.

ఎస్.ఎమ్.పి.ఎస్. దగ్గర మాత్రము పొదుపు చేయలేదు. మన పల్లెలలో కరెంటు ఎలా వచ్చునో, ఎలా పోవునో మీకు తెలియును. పేరులేని ఎస్.ఎమ్.పి.ఎస్. కాలిపోవునప్పుడు బోర్డును, డిస్కును కూడ వెంట తీసికొని పోవచ్చును. 450 వాట్లది, 80 ప్లస్ ముద్ర ఉన్నది వేయించి, యు.పి.ఎస్.కు బ్యాటరీ మార్పించాము.

ఇక అసలు విషయము, దాచుకొనే చోటు. 1956లో ఐ.బి.ఎమ్. వారి మొదటి హార్డు డిస్కులో 24 అంగుళముల పలకలు యాభై ఉండెను. టన్నుకు పైగా బరువు. అందులో పట్టినవి యాభై లక్షల అక్షరములు. ఇప్పుడు మేము తెచ్చిన 500 జి.బి. ఎస్.ఎస్.డి. చూయింగ్ గమ్ పట్టీ అంత ఉన్నది. బోర్డుమీద ఎమ్.2 అనే గాడిలో దూర్చి ఒక చిన్న మర బిగిస్తే సరి. మామూలు హార్డు డిస్కు సెకనుకు సుమారు 150 ఎమ్.బి. చదివితే, సాటా ఎస్.ఎస్.డి. 550 వరకు, ఈ ఎన్.వి.ఎమ్.ఇ. రకము 3,500 వరకు చదువును. చూపునకు ఒకేలా ఉండే ఎమ్.2 పట్టీలలోనే సాటావి, ఎన్.వి.ఎమ్.ఇ.వి రెండు రకములున్నవి. బోర్డు ఏది ఒప్పుకొనునో చూచి కొనాలి.

విండోస్, ప్రోగ్రాములు, ఈ నెల పని దీనిలో. పాత ఫొటోలు, పాత సంచికలకు 2 టి.బి. హార్డు డిస్కు ఒకటి లోపల. అదే కొలతది ఇంకొకటి యు.ఎస్.బి. తీగతో బయట పెట్టుకొనేది. "ఇంకా హార్డు డిస్కేనా?" అని యవనస్థులు అడిగారు. జి.బి. లెక్కన చవక గనుక ఒకటి. రెండవది, ఎస్.ఎస్.డి. తన వ్రాతను విద్యుత్ ఆవేశముగా దాచుకొనును. బీరువాలో పెట్టి ఏండ్ల తరబడి కరెంటు చూపకపోతే అది కారిపోవచ్చును. పైగా చచ్చే ముందు టక్ టక్ మని కూడ అనకపోవచ్చును.

ఇంకొకరు, లోపలే రెండు డిస్కులు పెట్టి రెయిడ్ 1 చేద్దాము, ఒకదానిలో వ్రాసినది రెండవదానిలో తానే పడునన్నారు. మంచి ఏర్పాటే. ఒకటి చెడితే పని ఆగదు. అయితే మనము పొరపాటున తుడిచినది రెండిటిలోనూ అప్పుడే తుడుచుకొని పోవును. వైరసు పట్టినా రెండిటికీ పట్టును. మాకు కావలసినది అద్దము కాదు, వేరే ఇంటిలో ఉండే కాపీ. అందుచేత బయటి డిస్కును శనివారము రాత్రి మాత్రమే తగిలించి, నకలు తీసి, విప్పివేయుచున్నాము. రిజిస్టర్లను మాత్రము గూగుల్ వారు ఉచితముగా ఇచ్చే 15 జి.బి.లో కూడ ఉంచాము. ఫొటోలన్నిటిని ఎక్కించుటకు మా ఊరి ఇంటర్నెట్టు చాలదు.

2 టి.బి. అని కొన్నది తెరమీద 1.81 అని కనబడేసరికి కోశాధికారిగారు అంగడివానికి ఫోను చేయబోయారు. మోసము కాదు. కంపెనీవారు వెయ్యి చొప్పున లెక్కించెదరు, విండోస్ 1,024 చొప్పున లెక్కించును.

పాత తెలుగు ఫాంటులతో కూర్చిన ఫైలు ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే పిచ్చిగీతలే కనబడును. గనుక ఫైళ్లతోపాటు ఫాంటులను కూడ దాచి, ప్రతి పుటను పి.డి.ఎఫ్.గా కూడ తీసిపెట్టాము. విండోస్ 11 కొన్ని కంప్యూటర్లలో డిస్కుకు తానే తాళము వేసికొనును; దాని తాళపుచెవి 48 అంకెలు. ఆ అంకెలు పోతే ఫైళ్లు పోయినట్లే. మేము వాటిని కాగితపు రిజిస్టరు చివరి అట్టలోపల వ్రాసిపెట్టాము. నకలు తీయుటతో సరిపెట్టక, నెలకొకసారి ఏవైనా పది ఫైళ్లు బయటి డిస్కునుండి తెరిచి చూచుచున్నాము. మొదటి నెలలోనే ఒక ఫోల్డరు ఖాళీగా కనబడింది, సరిచేశాము.

పెద్దామెగారికి ఆ సగము ఫొటోనే పెద్దదిగా అచ్చువేయించి పట్టుకొని వెళ్లాము. తలపాగా, పూలదండలు, ఇద్దరి ముఖములు ఉన్నవి. క్రింద చీర కుచ్చెళ్లు, కుర్చీలు పోయినవి. ఆమె చాలసేపు చూచి, "మొగములు ఉన్నాయి గదా అయ్యగారూ" అన్నది. బయటి డిస్కు ఎవరి ఇంట ఉంచాలో ఇంకా తేలలేదని మాటలలో చెప్పాము. ఇప్పుడు వారు రెండవ అంతస్తులో అద్దెకుంటున్నారు. "మా ఇంట పెట్టండి, పై అరలో పెడతాను. ఇక్కడిదాకా నీళ్లు రావు" అన్నది. శనివారము నకలు తీసిన డిస్కును ఆదివారము ఆరాధన తరువాత ఆమె మనుమడు వచ్చి తీసికొని వెళ్లుచున్నాడు.