ఇంటిపట్టున ఇంజనీరు: తడి వేరు, తేమ వేరు

ఈ శీర్షిక క్రింద ఇంతవరకు మిక్సీ మోటారు, ఇంటి ఎర్తింగు, నీళ్ళ ట్యాంకులో పాచి వంటి విషయములను పాఠకులతో ముచ్చటించినాము. ఈ నెల గోళ్ళ అలంకరణ గురించి వ్రాయబోతున్నామని చెప్పగానే మా విభాగములోని మిత్రులు నవ్వినారు. "మీకూ గోళ్ళ రంగులకూ ఏమి సంబంధమండీ?" అన్నారు. సంబంధము ఉన్నది. ముప్పది సంవత్సరములుగా మేము చేస్తున్న ఉద్యోగము ఉక్కు మీద పూతలు నిలబెట్టుటయే. ఆ అనుభవము అక్కరకు రావలసిన సమయములో దానిని మరచి, తగుదునమ్మా అని ఒక సలహా ఇచ్చి, కష్టపడి పైకి రావాలనుకొన్న ఒక అమ్మాయికి నష్టము కలిగించినాము. ఆ సంగతి దాచకుండా చెప్పుకొనుటకే ఈ వ్యాసము.

మా సహోద్యోగి ఒకరు ఆరోగ్య కారణముల వలన గడువుకు ముందే పదవీ విరమణ చేసినారు. క్వార్టర్సు ఖాళీ చేసి టౌన్‌షిప్ గేటు ఎదుటి వీధిలో అద్దె ఇంటిలోకి మారినారు. వారి పెద్దమ్మాయి డిగ్రీ పూర్తి చేసి, నగరములో గోళ్ళ అలంకరణ పని నేర్చుకొని, అప్పు చేసి యు.వి. దీపము, రంగులు, పరికరములు కొనుక్కొని ఇంటి ముందరి గదిలో పని మొదలుపెట్టినది. టౌన్‌షిప్ గృహిణులు, కాలేజీ అమ్మాయిలు వచ్చిపోతుండేవారు.

ఒక చలికాలపు సాయంత్రము ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చినది. "బాబాయిగారూ, మీరు పూతల నిపుణులని నాన్నగారు చెప్పారు. నేను వేసే జెల్ రెండు మూడు వారాలుండాలి. వారానికే అంచులు లేచిపోతున్నాయి. ఈ చలికి అందరి గోళ్ళూ పొడిబారి పెళుసుగా ఉంటున్నాయి. ఏం చేయమంటారు?" అని అడిగినది.

మేము వార్తాపత్రిక మీది చూపు మరల్చకుండానే, "పొడిబారినదానికి నీరు పెట్టాలి, అంతే కదా తల్లీ! పని మొదలుపెట్టే ముందు గోరువెచ్చని నీళ్ళలో ఒక పావుగంట నానబెట్టు" అన్నాము.

మాఘమాసములో ఆమెకు ఒక పెళ్ళికూతురి పని దొరికినది. పది గోళ్ళూ శ్రద్ధగా తీర్చిదిద్దినది. మూడవ రోజు సత్యనారాయణ వ్రతము పీటల మీద కూర్చునే వేళకు నాలుగు గోళ్ళ మీది పూత అంచుల వద్ద లేచిపోయినది. పెళ్ళివారు నాలుగు మాటలన్నారు. అమ్మాయి తీసుకొన్న డబ్బు తిరిగి ఇచ్చివేసినది. ఈ వార్త విని మరి ఇద్దరు తమ పనులు రద్దు చేసుకొన్నారు. అసలే నెల వాయిదాల భారము. దానికి ఇది తోడైనది. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్న సామెత ఇంత అక్షరాలా వర్తించిన సందర్భము మరొకటి మేము చూడలేదు.

తరువాత మా ఇంటికి వచ్చి ఆమె ఒకే మాట అన్నది: "మీరు చెప్పినట్టే నానబెట్టాను బాబాయిగారూ."

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పెయింటింగు పనులలో మేము కాంట్రాక్టర్లకు మొదట చెప్పే నియమము ఏమిటి? ఉక్కు ఉపరితలపు ఉష్ణోగ్రత మంచుబిందువు కంటె కనీసము 3 డిగ్రీల సెల్సియస్ ఎక్కువగా ఉండవలెను. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 85 శాతము మించరాదు. కంటికి కనిపించని చెమ్మ ఉన్నా పూత నిలవదు. ఈ కారణముతో రాత్రి షిఫ్టులో చేసిన పనిని మొత్తము గీకించి మళ్ళీ వేయించిన రోజులున్నవి. అటువంటి మేము పావుగంట నానబెట్టి దాని మీద పూత వేయమని చెప్పినాము!

పైగా ఉక్కు నీటిని పీల్చదు, గోరు పీలుస్తుంది. ఈ విషయములో గోరు ఇనుముకంటె కొయ్యకు దగ్గర. వానాకాలములో తలుపు ఉబ్బి చట్రములో బిగుసుకొనుట, ఎండాకాలములో మళ్ళీ వదులగుట మన ఇళ్ళలో చూస్తున్నదే. చేతి గోరు సుమారు అర మిల్లీమీటరు మందము గల పలక. కెరటిన్ అనే మాంసకృత్తుతో నిండిన మృత కణములు పొరలు పొరలుగా అతుక్కొని ఏర్పడినది. నానినప్పుడు ఈ పలక ఉబ్బి, మెత్తబడి, వంపు తగ్గి కొంత చదునుగా మారుతుంది. ఆ స్థితిలో జెల్ పూసి దీపము క్రింద గట్టిపరచినామనుకొనండి. తరువాత గోరులోని నీరు బయటికి పోయి, పలక కుంచించుకొని, తన సహజమైన వంపుకు తిరిగి వస్తుంది. గట్టిపడిన పూత అంతగా కుంచించుకొనలేదు. ఈ పెనుగులాటలో మొదట ఓడిపోయేది అంచు. అంచు వద్ద వెంట్రుకవాసి సందు ఏర్పడినా దానిలోనికి నీరు, సబ్బు చేరి మిగిలిన పూతను కూడ లేపివేస్తవి.

మరి గోళ్ళు పొడిబారుట మాట ఏమిటి? ఇక్కడే మేము పొరబడినాము. గోరులో క్రొవ్వు పదార్థము చాల స్వల్పము. అందువలన నీరు సులభముగా లోనికి పోతుంది, అంతే సులభముగా బయటికి వస్తుంది. రోజుకు నాలుగైదు మార్లు అంట్ల గిన్నెల వద్ద, బట్టల సబ్బునీటిలో నాని, ఆరి, మళ్ళీ నాని ఆరుట వలన పొరల మధ్య పట్టు సడలి గోరు చీలికలగుతుంది. సబ్బు ఆ ఉన్న కొద్ది జిడ్డును కూడ కడిగివేస్తుంది. పెళుసు గోళ్ళలో నీరు తక్కువగా ఉంటుందని చిరకాలముగా అనుకొనేవారు. కాని 2007లో ప్రచురితమైన ఒక అమెరికన్ పరిశోధనలో పెళుసు గోళ్ళకు, మామూలు గోళ్ళకు నీటి శాతములో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. అనగా లోపించినది తడి కాదు, తేమ నిలకడ. తడి పైనుండి వచ్చి పోయేది. తేమ లోపల నిలిచి ఉండవలసినది. దానిని నిలిపేది నీరు కాదు, నూనె.

మన పెద్దల గోరింటాకు ఈ సందర్భములో జ్ఞాపకము వస్తుంది. ఆషాఢమాసములో పెట్టుకొన్న గోరింటాకు చేతి మీద కొద్ది రోజులలోనే వెలిసిపోయినా గోళ్ళ మీద నెలల తరబడి ఉంటుంది. కారణము, అది పూత కాదు. ఆకులోని లాసోన్ అనే రంగు పదార్థము కెరటిన్‌తోనే కలిసిపోతుంది. వేరే పొర లేదు గనుక లేచేదీ లేదు. ఆ ఎరుపు గోరుతో పాటు నెలకు సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున ముందుకు జరుగుతూ దీపావళి నాటికి కొనలకు చేరుతుంది. జెల్ పూత కూడ ఇట్లే జరుగుతుంది. మూడు వారములకు మొదట్లో రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఏర్పడుట పూత లోపము కాదు, గోరు ఎదుగుదల. అంతకు మించి పూతను మోయించవలెనని ఆశించుట తగదు.

మా సిద్ధాంతమును మా మీదనే పరీక్షించుకొనుట న్యాయమనిపించినది. అమ్మాయి చేత మా రెండు బొటనవ్రేళ్ళ గోళ్ళకు రంగు లేని జెల్ వేయించుకొన్నాము. ఎడమది నానబెట్టి, కుడిది పొడిగా. సైటు మీటింగులో మా గోళ్ళు తళతళలాడుట చూసి అధికారులు ఏమనుకొన్నారో తెలియదు గాని, ఆరవ రోజున ఎడమ గోటి మూల లేచినది. కుడిది రెండు వారములు చెక్కుచెదరలేదు. రెండవ విడత రెండింటినీ పొడిగానే వేయించి, కుడి గోటికి మాత్రము ప్రతి రాత్రి ఒక చుక్క నువ్వుల నూనె రాసినాము. ఇంటిలో అంట్లు తోమే బాధ్యత కూడ ఆ నెల స్వీకరించినాము. మా శ్రీమతి ఈ పరిశోధనను ఇంకా కొనసాగించమంటున్నది. ఎడమది పన్నెండవ రోజున అంచు వదలినది, కుడిది మూడు వారములు దాటినది. రెండు వ్రేళ్ళతో శాస్త్రము తేలదని మాకు తెలియును. అయినను పూతల గురించి మాకు తెలిసిన దానికి ఇది విరుద్ధముగా లేదు.

పాఠకుల సౌకర్యార్థము ముఖ్యాంశములను క్రోడీకరిస్తున్నాము.

1. పూతకు ముందు తడి కూడదు. స్నానము, అంట్లపని, బట్టలు ఉతుకుట అయిన తరువాత కనీసము రెండు గంటలు ఆగవలెను. నీళ్ళ గిన్నెలో నానబెట్టరాదు. ఆ సమయములో గోటి మీద నూనె, క్రీము కూడ ఉండరాదు. పూతకు ముందు నూనె శత్రువు, పూత తరువాత మిత్రుడు.

2. ఆకురాయితో పైమెరుపు పోయేంత వరకే తేలికగా రుద్దవలెను. ఎక్కువ రుద్దితే పలక పలుచబడి మరింత వంగి, పూతను త్వరగా వదలుతుంది.

3. పూత గట్టిపడిన తరువాత ప్రతి రాత్రి గోటి మొదట, ప్రక్కలయందు, కొన అడుగున ఒక చుక్క నూనె రాసి మర్దించవలెను. నువ్వుల నూనె, కొబ్బరి నూనె, బాదము నూనె ఏదైనను సరే. రాజస్థానులో సాగు చేస్తున్న జొజోబా నూనె కూడ మంచిదే. చేతులు కడిగిన ప్రతిసారి గ్లిసరిన్ కలిసిన క్రీము కొద్దిగా రాయవలెను. చలికాలపు గాలి పొడిగా ఉండే ఉత్తరాది యూనిట్లలోనివారు నూనె రెండు పూటలా రాసుకొనుట మేలు.

4. అంట్లపనికి లోపల నూలు బట్ట ఉన్న రబ్బరు చేతితొడుగులు వాడవలెను. కర్మాగారములో తొడుగు లేనిదే పని ముట్టుకొనని మనము ఇంటిలో ఆ సంగతి మరచిపోతాము.

5. లేచిన అంచును పీకరాదు. పూతతో పాటు గోటి పొరలు ఊడి వస్తవి. అసిటోన్‌తో తడిపిన దూదిని పది పదిహేను నిమిషములు చుట్టి మెత్తపరచి తీయవలెను. అసిటోన్ త్వరగా మంట అంటుకొనేది. వంటగదికి, దేవుని దీపమునకు దూరముగా, గాలి ఆడే చోట వాడవలెను. తీసిన వెంటనే చేతులు కడిగి, తుడిచి, నూనె రాయవలెను.

6. గట్టిపడని జెల్ చర్మమునకు తగలరాదు. దురద, ఎరుపు, పొక్కులు కనిపించినచో అది పడకపోవుట కావచ్చును. వెంటనే మాని చర్మవైద్యునికి చూపించవలెను. పంటి చికిత్సలో వాడే కొన్ని పదార్థములు కూడ ఇదే జాతివి గనుక దీనిని తేలికగా తీసుకొనరాదు. లేచిన పూత క్రింద గోరు పచ్చబడినా, గోరు క్రింది చర్మమును వదలి లేచినా దాని మీద మళ్ళీ పూత వేయించరాదు.

ఇక మిగిలినది మా బాకీ. అమ్మాయి అప్పు వాయిదా ఒకటి మేము చెల్లిస్తామని వారి నాన్నగారి వద్దకు వెళ్ళినాము. ఆయన ఒప్పుకొనలేదు. "డబ్బు సంగతి అది చూసుకొంటుంది లెండి. తప్పు దానిది కాదని మాత్రము ఎవరికైనా చెప్పండి" అన్నారు. పనులు రద్దు చేసుకొన్న ఆ ఇద్దరు సోదరీమణులు, ఆ పెళ్ళివారు కూడ ఈ పత్రిక పాఠకులే. వారికి ఈ ముఖముగా మనవి చేస్తున్నాము: ఆ పూత లేచిపోవుటకు కారణము అమ్మాయి పనితనము కాదు, మా సలహా. ఆమె పని ఎట్టిదో మా కుడి బొటనవ్రేలు సాక్ష్యము చెబుతుంది. చూడదలచినవారు ఆఫీసు వేళలలో మా గదికి రావచ్చును.

ఆమె ముందరి గదిలో ఇప్పుడు నీళ్ళ గిన్నె లేదు. దాని స్థానములో ఒక చిన్న నువ్వుల నూనె సీసా ఉన్నది. పని ముగిసిన తరువాతనే దాని మూత తెరుస్తున్నది.

వచ్చే సంచికలో ప్రెషర్ కుక్కరు గాస్కెట్టు గురించి ముచ్చటించుకొందాము.