కిలోమీటర్లు కాదు, తేదీ చూడండి



పెరటాసి నెల వస్తోంది. ఎప్పటిలాగే ఒక శనివారం తిరుమలకు కార్లలో కలిసి వెళ్దామని గ్రూపులో మాటలు మొదలయ్యాయి. ఎవరి కారులో ఎంతమంది, టిఫిను ఎక్కడ, టికెట్లు ఎవరు తీయాలి, అన్నీ మాట్లాడుకున్నాం. ఏ కారు కొండ దిగడానికి తగి ఉంది అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే వచ్చే జవాబు మనకు తెలిసిందే: "మన బండి 8 ఏళ్లలో 20 వేల కిలోమీటర్లే తిరిగిందండీ. కొత్తదే అనుకోండి."

ఆ మాటతోనే మా పేచీ. తక్కువ తిరిగిన బండి కొత్త బండి కాదు. నిలబడి ముసలిదైన బండి.

మనలో సగం ఇళ్లు రైల్వే ఇళ్లు. పెరంబూరులోనో అయనావరంలోనో పెరిగినవాళ్లకు ఇది చెప్పనక్కరలేదు. ప్రతి రైలుపెట్టె చివరి గోడ మీద ఏ వర్క్‌షాపులో ఎప్పుడు పెద్ద మరమ్మతు జరిగింది, మళ్లీ ఎప్పుడు తిరిగి రావాలి అని పెయింటుతో రాసి ఉంటుంది. పెట్టె బాగానే దొర్లుతోందిగా అని ఆ తేదీని చెరిపేయరు. యార్డులో ఊరికే నిలబడ్డా తేదీ ఆగదు. ఇంతకాలం ఆ పద్ధతి మీద అన్నం తిన్న మనం, మన వాకిట్లో ఉన్న బండికి మాత్రం "నడుస్తోందిగా" అనే ఒక్క నియమం పెట్టుకున్నాం.

కారుతో వచ్చే పుస్తకం తీసి చూడండి. చాలా పెట్రోలు కార్లకు ఇంజన్ ఆయిలు 10,000 కిలోమీటర్లకు లేదా 12 నెలలకు, ఏది ముందొస్తే దానికి మార్చమని ఉంటుంది. ఆ రెండో షరతు మనలాంటి వాళ్ల కోసమే. గుడికి, కూరల మార్కెట్టుకు రెండేసి కిలోమీటర్లు పోయి వచ్చే బండిలో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ ఆవిరై పోదు, ఆయిల్లోనే ఉండి దాన్ని చెడగొడుతుంది. బ్యాటరీకి చాలినంత చార్జి ఎక్కదు. టైరు రబ్బరు ఎండకు గట్టిపడుతుంది. మీటరులో అంకె మాత్రం ముద్దుగా 20 వేలే చూపిస్తుంది.

ఇక బ్రేకు ఆయిలు. దీన్ని మనం లెక్కలోనే పెట్టుకోం. ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తది 230 డిగ్రీల దాకా మరగకూడదు. అందులో 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155 డిగ్రీలు. చెన్నై వీధుల్లో ఈ తేడా తెలియదు. తిరుమల నుంచి దిగేది 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డు మీద. వంపు వెనక వంపు. కారు నిండా పెద్దవాళ్లు, పిల్లలు, లడ్డూ సంచులు. కాలు బ్రేకు మీదనుంచి తీయకుండా దిగితే చక్రాల దగ్గర వేడి పెరుగుతుంది, పాత ఆయిలు మరుగుతుంది, గొట్టంలో ఆవిరి చేరుతుంది. అప్పుడు పెడలు తొక్కితే మెత్తగా లోపలికి పోతుంది, బండి ఆగదు. చాలా కంపెనీల పుస్తకాల్లో రెండేళ్లకొకసారి దీన్ని మార్చమని ఉంటుంది. ఖర్చు ఇంటిల్లిపాదీ ఒకపూట హోటల్లో తినేంత.

"సర్వీసు సెంటరువాళ్లు దోచుకుంటారు" అంటారు. అందులో నిజం లేదని మేము అనం. పుస్తకంలో లేని ఇంజన్ క్లీనింగు, ఏసీకి సువాసన మందు, తళతళలాడే పాలిషు, ఇవన్నీ బిల్లులో వచ్చి కూర్చుంటాయి. దానికి మందు పుస్తకం చదవడం. ఈ కిలోమీటర్లకు, ఈ ఏటికి ఏం రాసి ఉందో అది చేయండి, మిగతావి వద్దు అని జాబ్ కార్డు మీద రాయించి సంతకం పెట్టాలి. దొంగ డాక్టరు ఉన్నాడని బీపీ చూపించుకోవడం మానేస్తామా? నమ్మకమైన వీధి మెకానిక్ చేసినా సరే, తేదీ, కిలోమీటరు, మార్చిన వస్తువు ఒక నోటుబుక్కులో ఎక్కాలి.

ఆయుధపూజ నాడు మనం బండికి చేసే మర్యాద చూడండి. కడిగి, చందనం కుంకుమ పెట్టి, మాల వేసి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. చేయవలసిందే, తప్పేమీ లేదు. కానీ నిమ్మకాయ పెట్టడానికి వంగినప్పుడే టైరు పక్కగోడ మీద కోడిగుడ్డు ఆకారపు గీతలో ఉన్న 4 అంకెలు చూడొచ్చు కదా! 2318 అంటే 2018లో 23వ వారంలో తయారైనది. బయట కనిపించకపోతే లోపలివైపు ఉంటుంది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టమే ఒప్పుకోదు. స్టెప్నీలో గాలి చూసి ఎన్నాళ్లయింది?

"ఇది సంఘం పనా, ఎవరి కారు వాళ్లిష్టం కదా" అని ఒకరిద్దరు అంటారు. సొంతంగా పోతే వాళ్లిష్టమే. సంఘం పేరుతో పోతే, ఆ కారులో ఎక్కేది పక్కింటి అవ్వ, ఎదురింటి పాప. సీటు కేటాయించేది సంఘమైతే పూచీ కూడా సంఘానిదే.

అందుకని వచ్చే కమిటీ మీటింగులో మేము కొందరం ఈ తీర్మానం పెడుతున్నాం. యాత్రకు వచ్చే ప్రతి కారుకూ గత 12 నెలల్లో సర్వీసు, గత రెండేళ్లలో బ్రేకు ఆయిలు మార్చిన బిల్లు చూపాలి. టైర్ల తేదీ, గాడి లోతు బయలుదేరే ముందు ఆదివారం హాలు దగ్గర అందరి ఎదుటా చూడాలి. బిల్లు లేని కారు ఎవరిదైనా సరే, ప్రెసిడెంటుగారిదైనా సరే, వరుసలో రాకూడదు. ఆ ఇంటివాళ్లకు వేరే కారులో సీటు ఇద్దాం, లేదా అందరం కలిసి రైల్లోనే పోదాం.

వ్యతిరేకించేవాళ్లు మీటింగుకు తప్పక రండి. వచ్చేటప్పుడు మీ కారు పుస్తకం కూడా తీసుకురండి.